పెన్నీ పాఠం

మొన్న సాయంత్రం ఇక్కడ అమెరికాలో మా ఇంటి దగ్గరి ఇండియన్ కొట్టుకి కూరగాయలకని వెళ్ళాను. డబ్బు కట్టే చోట ఒక కాగితం అంటించి ఉంది. పెన్నీలు దొరకడం లేదు, చిల్లర కచ్చితంగా ఇవ్వలేం, దయచేసి మన్నించండి అని చేత్తో రాశారు. ఈ రోజుల్లో కూడా నోట్లిచ్చి చిల్లర తీసుకునే మనిషిని నేను. మా పిల్లలు ఎంత వెక్కిరించినా ఆ అలవాటు పోలేదు. నా వెనక వరసలో నిలబడ్డ కుర్రాడు మనవాడే. చేతిలో పెరుగు డబ్బా, మెడలో ఆఫీసు బ్యాడ్జి.

"ఆంటీ, ఇగ పెన్నీలు కొట్టుడు బంద్ చేసిన్రు. ఒక్కటి మింట్ చేయనీకి దాని వాల్యూ కన్నా ఎక్కువ ఖర్చయితదంట," అన్నాడు.

"పాపం," అన్నాను.

"పాపమేంది ఆంటీ, ఎవరికి కావాలె అవి? అసలు దాని మీద సెంట్ అని రాసుంటది, అందరు పెన్నీ అంటరు. ఎందుకంటరో కూడా తెల్వదు."

"నాకు తెలుసు," అన్నాను.

చెప్తానేమోనని చూశాడు. నేను చిల్లర తీసుకుని బయటికొచ్చేశాను.  ఆ సంగతి నాకు తెలిసింది మా తాతయ్య వల్ల. ఆయన దాన్ని ముప్పైమంది పిల్లల ముందు నిలబడి చెప్పాలనుకున్నారు. ఆ ముప్పైమందికీ చెప్పనివ్వకుండా చేసినదాన్ని నేనే. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మా తాతయ్య, అంటే నాన్నకి నాన్న, సముద్రం దగ్గరి ఒక ఊళ్ళో మిషన్ హైస్కూల్లో నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు. నాయనమ్మ పోయిన ఏడు నాన్న ఆయన్ని డెట్రాయిట్ శివార్లలో ఉన్న మా ఇంటికి తెచ్చేసుకున్నారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇప్పుడు మన కొట్లు వరసగా ఉన్న రోడ్డు మీద అప్పుడు యాపిల్ తోట ఉండేది. ఆకులు రాలే కాలంలో పళ్ళు పిండి రసం తీస్తుంటే ఆ పుల్లటి వాసన మా స్కూలు దాకా వచ్చేది. కందిపప్పు కావాలంటే నాన్నా, ఇంకో ఇద్దరు అంకుళ్ళూ ఒకే కారులో నది దాటి కెనడా వెళ్ళాల్సిందే. గోంగూర దొరక్క అమ్మ పాలకూరలో నిమ్మకాయ పిండి, "కళ్ళు మూసుకుని తినండి, గోంగూరే," అనేది. మేం కళ్ళు మూసుకునే తినేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వాళ్ళు వాళ్ళ బేస్‌మెంటు మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకి ఇచ్చేవారు. మొత్తం ఏడు కుటుంబాలం. తడి బూట్లు, నేలకి రుద్దిన మైనం, పెద్ద డబ్బాలో మరిగి మరిగి మాడిన కాఫీ, వాటన్నిటి మీదా కోడికూర మసాలా వాసన. ఇంటికెళ్ళాక కూడా మా కోట్లు రెండ్రోజులు అదే వాసన వేసేవి. ప్రార్థన అయ్యి భోజనాలు కాగానే మగవాళ్ళు ఒక మూల చేరి లేఆఫుల గురించి, గ్రీన్ కార్డుల గురించి, స్నో టైర్లు ఎప్పుడు మార్పించాలన్న దాని గురించి మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళలో సగం మంది, మా అమ్మతో సహా, ఆస్పత్రిలో నర్సులు. ముందు రోజు డ్యూటీ అలసటకి కుర్చీల్లోనే కునికేవారు. మేం పిల్లలం కాఫీ బల్ల మీది చక్కెర బిళ్ళలు దొంగిలించి, బల్ల కిందే దూరి, చప్పుడు కాకుండా చప్పరించేవాళ్ళం. తాతయ్య మొదటి ఆదివారమే అందరికీ మాస్టారు అయిపోయారు. ఆయన పేరు ఆ కూడికలో ఎవరికీ గుర్తుండేది కాదనుకుంటాను.

వచ్చిన మర్నాడే ఆయన వంటింటి బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని నాన్న జేబులోని చిల్లరంతా పరిచారు. రాగి నాణెం ఒకటి తీసి రెండు వైపులా చదివారు.

"దీని మీద వన్ సెంట్ అని ఉంది. మీరంతా పెన్నీ అంటున్నారు. ఆ మాట ఇందులో ఎక్కడుందిరా?"

"లేదు నాన్నా. అందరూ అలా అంటారంతే," అన్నారు నాన్న.

"అందరూ అంటే సరిపోతుందా?"

ఇక ఆ ప్రశ్న పట్టుకుని ఊరంతా తిరిగారు. ఉత్తరాలు తెచ్చే ఆయన్ని అడిగారు. మా స్కూలు బస్సు నడిపే ఆవిడని అడిగారు. పైగా ఆవిడ 'గొన్నా' అన్నప్పుడల్లా 'గోయింగ్ టు' అని సరిదిద్దేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించేది.

ఒకసారి మాల్‌లో నీళ్ళ ఫౌంటెన్ దగ్గర నేనూ, మా కూడికలోని ఇంకో పిల్లా చొక్కా చేతులు పైకి మడిచి అడుగున ఉన్న పెన్నీలు ఏరుకుంటుంటే దొరికిపోయాం. బబుల్‌గమ్ మిషన్‌లో వెయ్యడానికి. తాతయ్య కోప్పడలేదు.

"ఎవరు వేశారివి?"

"కోరిక కోరుకుని వేస్తారు తాతయ్యా."

"ఓహో. మన గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి వేసినట్టన్నమాట. అక్కడా మీలాంటి కోతులే కింద కాచుకుని ఉంటాయి. వెనక్కి వేసెయ్యండి. ఎవరి కోరికో ఏమిటో, మీకెందుకు."

వెనక్కి వేశాం. ఆయన కూడా జేబులోంచి ఒకటి తీసి, కాసేపు చూసుకుని, వెయ్యకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

మంచు గడ్డకట్టే రోజుల్లో మా టీచరమ్మ ఒక చీటీ పంపింది. ప్రతి శుక్రవారం ఒక పిల్లవాడి తాతగానీ అమ్మమ్మగానీ వచ్చి క్లాసులో పావుగంట మాట్లాడాలి. ఎవరైనా రావచ్చు, ఏదైనా చెప్పొచ్చు. మా క్లాసులో ఒకడి తాత కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినాయన, ఒక పిస్టన్ పట్టుకొచ్చి చూపించాడు. ఆ చీటీ నేను సంచిలోనే దాచాను. కానీ ఇంట్లోకొచ్చిన ప్రతి కాగితమూ, ఆఖరికి సరుకుల కూపన్లు కూడా, అక్షరం వదలకుండా చదివే మనిషి ముందు ఏం దాగుతుంది? చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. రిటైరై అయిదేళ్ళయింది ఆయన క్లాసులో నిలబడి.

"ఏం చెప్తారు మామయ్యగారూ? మన ఊరి గురించి చెప్పండి," అంది అమ్మ.

"ఊరి గురించి చెప్తే వాళ్ళకేం తెలుస్తుందమ్మా. పాఠం ఎప్పుడూ పిల్లాడి చేతిలో ఉన్న వస్తువుతో మొదలవ్వాలి. పెన్నీ గురించి చెప్తాను."

మూడు వారాలు తయారయ్యారు. నాన్న కొన్న పొడవాటి ఓవర్‌కోటు, దాని కింద పంచె, పంచె కింద ఉన్ని పైజమా వేసుకుని రోజూ మంచులో నడిచి లైబ్రరీకి వెళ్ళేవారు. అక్కడావిడ పెద్ద నిఘంటువు దించి ఇస్తే నోట్‌బుక్కులో ఎక్కించుకునేవారు. మధ్యలో ఒకరోజు ఇనప సామాన్ల కొట్టుకి నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ మేకుల డబ్బాల మీద పది పక్కన ఇంగ్లీషు 'డి' అక్షరం, పదహారు పక్కన 'డి' అని రాసి ఉంది. అడిగితే, పది పెన్నీల మేకు, పదహారు పెన్నీల మేకు అన్నాడు కొట్టాయన. ఎందుకలా అంటే తెలియదన్నాడు. మా తాతయ్య కళ్ళు మెరిశాయి. పూర్వం ఇంగ్లండులో ఆ సైజు మేకులు నూరు కొంటే పది పెన్నీలయ్యేవట, అలా ఆ పేరు వచ్చిందంటారట. మరి పెన్నీకి 'పి' కాకుండా 'డి' ఎందుకు? రోమన్ల నాణెం దెనారియస్. ఇంగ్లీషు వాళ్ళు పెన్నీని లెక్కల్లో దాని మొదటి అక్షరంతో రాసుకునేవారు. కొట్టాయన ముసలివాడే, గల్లాపెట్టె మీద మోచేతులానించి శ్రద్ధగా విన్నాడు. రెండు రకాల మేకులూ గుప్పెడేసి ఒక కవర్లో వేసి, డబ్బు వద్దు, క్లాసులో చూపించండి అన్నాడు.

తిరిగొస్తూ ఆయన చిన్నపిల్లాడిలా నడిచారు.

"ఆ దెనారియసే మన దగ్గర దీనారమైంది బుజ్జమ్మా. రోము ఓడలు మిరియాలకి మన తీరానికి వచ్చాయి కదా. మాట వాళ్ళతో వచ్చి మన దగ్గర ఉండిపోయింది. ఇక్కడేమో మేకుల డబ్బా మీద ఉండిపోయింది. చూశావా?"

చూశాను. నాకూ బాగుంది. అది దాచడం న్యాయం కాదు. సాయంత్రాలు బడి నుంచి రాగానే నన్ను వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఆయన పొయ్యి దగ్గర నిలబడి పాఠం రిహార్సలు వేసేవారు. అమ్మ ఆస్పత్రికి వెళ్ళేముందు వేయించి పెట్టిన సెనగపప్పు తింటూ నేను వినేదాన్ని. పెన్నీ, జర్మన్ల ఫెన్నిగ్ నాణెం ఒకింటి పిల్లలనేవారు ఆయన. వాటి అమ్మ ఎవరో పండితులకే తేలలేదట. గుడ్డముక్క అనే మాట నుంచి వచ్చిందని కొందరు, తాకట్టు అనే మాట నుంచని కొందరు, గిన్నెలా పల్లంగా ఉండేది కాబట్టి పాన్ నుంచని ఇంకొందరు.

"పాన్ అంటే మన పెనమా తాతయ్యా?"

"కాదు. అలా వినిపిస్తుంది గానీ చుట్టరికం లేదు. వినిపించినవన్నీ చుట్టాలు కావు. కానీ సెంటుకీ మన శతానికీ ఉంది, అవి నిజంగా దాయాదులు."

అయితే సెంటు అని అచ్చేసిన దాన్ని పెన్నీ అంటారేమంటే, ఈ దేశం ఇంగ్లండు కింద ఉన్నప్పుడు జనం నోట్లో ఆ మాట నానిపోయింది. రాజు పోయాడు, నాణెం మారింది, నోరు మారలేదు. ఇది చెప్పేటప్పుడు ఆయన చెయ్యి పైకి లేచేది. మన దగ్గర కూడా అంతేనని చివర్లో చెప్పాలని రాసుకున్నారు. డబ్బు అన్నది ఒకప్పుడు ఒక చిన్న రాగి నాణెం పేరు. నాణెం ఎప్పుడో పోయింది, దాని పేరు లోకంలోని మొత్తం సొమ్ముకీ పేరై కూర్చుంది. దమ్మిడీ ఎవరూ చూడలేదు, అయినా పనికిరానివాణ్ణి ఇప్పటికీ దమ్మిడీకి కొరగాడంటాం. బ్రిటిష్ వాళ్ళు మరుగుదొడ్డికి వెళ్ళడాన్ని పెన్నీ ఖర్చుపెట్టడం అనేవారని కూడా నోట్‌బుక్కులో రాసుకుని, ఆడపిల్లలుంటారని కొట్టేశారు. ఆ కొట్టివేత కింద మాటలు నేను చదివి పడీపడీ నవ్వాను.

పాఠానికి మూడు రోజుల ముందు, బస్సు ఆగే చోట, తాతయ్య నన్ను దింపి వెనక్కి తిరగగానే ఒక పిల్లాడు ఆయన్ని అనుకరించాడు. మెడ ఊపుతూ, రెండు పెదాలూ గట్టిగా అదిమి 'పెన్నీ' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు కళ్ళ ముందు శుక్రవారం కనిపించింది. ముప్పైమంది అలా మెడలూపుతుంటే, మధ్యలో ఆ పంచెతో మా తాతయ్య, మూడో వరసలో నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన్ని ఎవరేమంటారోనని కాదు నా బాధ. నన్నేమంటారోనని. పదకొండేళ్ళ పిల్ల అంతకంటే ఏం ఆలోచిస్తుందని ఇప్పుడు నన్ను నేను వెనకేసుకురావచ్చు, కానీ వెనకేసుకురావాలనిపించదు.

శుక్రవారం పొద్దున ఆయన నాకంటే ముందు లేచారు. పంచె కట్టుకోలేదు. రిటైరైనప్పుడు కుట్టించుకున్న ముదురు నీలం సూటు, టై. బూట్లు పాలిష్ చేసుకున్నారు. మేకుల కవరు ఒక జేబులో, పిల్లలకి తలా ఒకటి పంచడానికి కొత్త పెన్నీలు ఇంకో జేబులో. నడిస్తే గలగలమంటున్నాయి. అమ్మా నాన్నా అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు.

"తాతయ్యా, టీచర్‌కి జ్వరమట. నిన్ననే చెప్పారు. ఇవాళ లేదు," అన్నాను.

నా వైపు చూశారు. నేను బూటు లేసు కట్టుకుంటున్నాను.

"అలాగా. సరేలే," అన్నారు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నారు. "పాపం, ఈ చలికి ఏ జ్వరమో. అల్లం కషాయం కాచిస్తాను, సోమవారం పట్టుకెళ్తావా?"

బడికి వెళ్ళి టీచరమ్మతో మా తాతకి జ్వరమని చెప్పాను. ఒకే జ్వరాన్ని ఇద్దరికీ పంచాను. పావుగంట ఖాళీ వచ్చిందని ఆవిడ మాతో లెక్కలు చేయించింది.

ఆ తర్వాత ప్రతి సోమవారం, "మళ్ళీ ఎప్పుడన్నారమ్మా?" అని అడిగేవారు. ఇంకా చెప్పలేదనేదాన్ని. కూడికలో కూడా అందరూ అడిగేవారు. పాఠం సంగతి ఆయనే మురిసిపోతూ అందరికీ చెప్పుకున్నారు మరి. "ఇంకా పిలుపు రాలేదా మాస్టారూ?" అంటే, "వాళ్ళ టీచరమ్మకి ఒంట్లో కుదురుగా లేదు, ప్రార్థన చెయ్యండి," అనేవారు. వాళ్ళు నిజంగానే ప్రార్థన చేశారు. మా టీచరమ్మ ఆరోగ్యం కోసం ఏడు కుటుంబాలు కళ్ళు మూసుకుంటే నేను కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను.

మంచు కరగడం మొదలైన ఒక శనివారం ఆయనతో లైబ్రరీకి వెళ్ళాను. పుస్తకాల వరసల మధ్య మా టీచరమ్మ ఎదురైంది. పారిపోవడానికి దారి లేదు. ఆవిడ నవ్వుతూ తాతయ్య దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. మీరేనా ఈ అమ్మాయి తాతగారు, ఆ శుక్రవారం మీ కోసం పిల్లలంతా ఎదురుచూశారు, జ్వరం పూర్తిగా తగ్గిందా అని అడిగింది.

తాతయ్య నా వైపు తిరగలేదు. ఒక్క క్షణం ఆవిడ చేతిని అలాగే పట్టుకున్నారు.

"ఎస్ మేడమ్. ఇట్ వజ్ ఎ బ్యాడ్ ఫీవర్. ఐ యామ్ సారీ దట్ ఐ కెప్ట్ ద చిల్డ్రన్ వెయిటింగ్," అన్నారు.

ఎంత చక్కటి ఇంగ్లీషండీ మీది అంది ఆవిడ. ఒక్క మాట కూడా ఆవిడకి మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వచ్చే నెలలో రండి, తప్పకుండా రావాలి అంది. ఆయన తల వంచి, ఆరోగ్యం సహకరించదు మేడమ్, నన్ను క్షమించాలి అన్నారు.

దారిలో తిడతారనుకున్నాను, తిడితే ఏడవొచ్చనుకున్నాను. రోడ్డు దాటేచోట అలవాటుగా నా చెయ్యి పట్టుకున్నారు, దాటాక వదిలేశారు. "కాళ్ళు తడిశాయా?" అని మాత్రం అన్నారు. ఇంటికొచ్చాక నోట్‌బుక్కు పెట్టెలో అడుగున పెట్టి మూత వేశారు. ఆ తర్వాత సోమవారం నన్ను ఏమీ అడగలేదు. బస్సు దాకా రావడం కూడా మానేశారు, మోకాళ్ళు నొప్పన్నారు.

లైబ్రరీకి వెళ్ళొచ్చిన మర్నాడు ఆదివారం. నేను అన్నం ప్లేటు పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. కూడికలో పెద్దాయన ఒకరు, ఎప్పుడూ హాస్యమాడే మనిషి, మళ్ళీ అదే అడిగారు.

"ఏం మాస్టారూ, ఆ టీచరమ్మకి ఇంకా నయం కాలేదా? పాఠం ఎప్పుడు?"

తాతయ్య కూరలో అన్నం కలుపుకుంటూ, "ఆవిడ బాగానే ఉందండీ. నేనే వెళ్ళలేదు. ఆ పిల్లల ముందు నిలబడాలంటే భయమేసింది," అన్నారు.

ఒక్కసారిగా అందరూ నవ్వారు. "నలభై ఏళ్ళు బెత్తం పట్టుకున్న మాస్టారికి భయమా?" అన్నారెవరో. "తెల్లపిల్లలు కదా, కాళ్ళు వణికుంటాయి," అన్నారింకొకరు. తాతయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వారు. నాన్న నవ్వలేదు, చిన్నబోయారు. నా ప్లేటులో అన్నం అలాగే ఉంది.

అప్పటి నుంచి ఆయన ఆ కూడికలో భయపడ్డ మాస్టారే. ఎవరైనా పిల్లలు పాట పాడటానికి సిగ్గుపడితే, "మాస్టారిలా భయపడకూడదమ్మా," అనేవారు. ఆయన ముందే అనేవారు. ఆయన సరే సరే అని తలూపేవారు. ఆ వేసవంతా మా ఇద్దరికీ ఎన్నో మధ్యాహ్నాలు దొరికాయి. పెరట్లో కొత్తిమీర మడి తవ్వాం, టమాటాలకి కర్రలు కట్టాం. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. తాతయ్యా, తప్పయింది అంటే సరిపోయేది. ఆయన ఎదురుచూశారో లేదో నాకు తెలియదు. అడగకుండా ఉండటమే ఆయన మర్యాద అనుకుంటాను.

ఆ ఏడాది యాపిల్స్ కోసే రోజుల్లో తాతయ్య నిద్రలోనే పోయారు. అమెరికన్ చర్చివాళ్ళ శ్మశానంలోనే చోటిచ్చారు. భూస్థాపన అయ్యాక అదే బేస్‌మెంటులో ఆయన్ని తలుచుకుంటూ ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు. ఆయన ప్రార్థన గురించి, చేతిరాత గురించి, ఎవరి పిల్లలకి ఏ గ్రామరు దిద్దారన్న దాని గురించి చెప్పారు. చివర్లో ఆ హాస్యమాడే పెద్దాయన లేచారు. కళ్ళు తుడుచుకుంటూనే, ఎంతో ప్రేమగా, మన మాస్టారు నలభై ఏళ్ళు పాఠం చెప్పి చివరికి ఒక్క క్లాసుకి భయపడిపోయారండీ అని ఆ కథ మొదలుపెట్టారు. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. ఆయన కూర్చున్నాక పాస్టరుగారు గదంతా ఒకసారి చూసి, "ఇంకెవరైనా చెప్తారా?" అని అడిగారు.  నేను లేవలేదు.